పాత కాన్‌స్టలేషనా, కొత్త ఆక్వా టెరానా: ఒమేగా వాచీ కొనేముందు తేల్చుకోవలసిన విషయాలు

ఒమేగా పేరున్న మంచి వాచీ ఒకటి చేతికి పెట్టుకోవాలనుకునేవారి ముందు ఇవాళ రెండు రకాల సరుకు ఉంది. ఒకటి, 1960లలో తయారై నాలుగైదు చేతులు మారి వచ్చిన స్టీలు కాన్‌స్టలేషన్. రెండోది, షోరూములో పెట్టె విప్పి చేతికిచ్చే సీమాస్టర్ ఆక్వా టెరా. రెండూ చేతి కదలికతోనే కీ ఎక్కే ఆటోమేటిక్‌లే, రెండూ కచ్చితమైన నడకకు పెట్టే అధికారిక పరీక్షల్లో నెగ్గిన క్రోనోమీటర్లే, రెండూ పెళ్లికీ ఆఫీసుకూ ఒకేలా పనికివచ్చేవే. పోలికకు ఒకే కంపెనీ సరుకును కావాలనే తీసుకున్నాను. కంపెనీ ఒకటే అయినప్పుడు పేరుప్రతిష్ఠల గొడవ తప్పిపోయి, పాతదానికీ కొత్తదానికీ మధ్య ఉన్న తేడా ఒక్కటే తేటగా కనిపిస్తుంది.

ఈ ఎంపికను చాలామంది అందంతో మొదలుపెట్టి ధరతో ముగిస్తారు. నా దృష్టిలో అంతకంటే ముందుగా అడగవలసిన ప్రశ్న ఒకటుంది: కొన్న తర్వాత వాచీకి ఏదైనా వస్తే ఆ భారం ఎవరిది? ఆక్వా టెరా విషయంలో ఐదేళ్ల వారంటీ ఉన్నన్నాళ్లూ అది కంపెనీ భారం, ఆ తర్వాత కూడా విడిభాగాలకూ సర్వీసుకూ కంపెనీయే దిక్కుగా ఉంటుంది. కాన్‌స్టలేషన్ విషయంలో డబ్బు చేతులు మారిన క్షణం నుంచే ఆ భారం మీదీ, మీ మెకానిక్‌దీ. అందువల్ల పాత వాచీ మీద మనసు పడినవారు వాచీ కోసం వెతకడానికి ముందు మెకానిక్ కోసం వెతకడం మంచిది. నమ్మదగిన మెకానిక్ దొరకకపోతే పాత వాచీ ఆలోచన అక్కడితో మానుకోవచ్చునని కూడా నేను నిస్సంకోచంగా చెబుతాను.

లోపలి యంత్రాల తేడా

కాన్‌స్టలేషన్ శ్రేణి 1952లో మొదలైంది. 1960ల మొదటి సగంలో వచ్చిన మగవారి వాచీలలో ఎక్కువగా 551, 561 అనే యంత్రాలు కనిపిస్తాయి. మొదటిదానిలో తేదీ ఉండదు, రెండోదానిలో ఉంటుంది. ఇరుసుల రాపిడి తగ్గించే 24 రాళ్లు, గంటకు 19,800 కంపనాలు, రాగి రంగు మెరుపుతో ఉండే పలకలు, చేతి కదలికకు పూర్తిగా గుండ్రంగా తిరిగి కీ ఎక్కించే రోటరు వీటి లక్షణాలు. పాత వాచీలు విప్పే మెకానిక్‌లలో ఈ 550 వరుస యంత్రాల మీద గౌరవం లేనివారు అరుదు. చాలా సంఖ్యలో తయారయ్యాయి కనుక వాటి నడక తెలిసినవారు కూడా ఎక్కువమందే ఉన్నారు. 561లో తేదీని విడిగా మార్చుకునే ఏర్పాటు లేదు. రెండు వారాలు పెట్టెలో ఉంచి తీసిన వాచీలో తేదీ సరిచేయాలంటే ముళ్లను అర్ధరాత్రి దాటించే పని మళ్లీ మళ్లీ చేయవలసిందే, దీనికి ఓపిక లేనివారు తేదీ లేని 551ను ఎంచుకోవడం సుఖం.

ఆక్వా టెరాలో 38 మిల్లీమీటర్ల వాచీకి 8800, 41 మిల్లీమీటర్ల వాచీకి 8900 యంత్రాలు ఉంటాయి. పూర్తిగా కీ ఎక్కాక మొదటిది 55 గంటలు, రెండోది 60 గంటలు నడుస్తుంది. వీటిలో పళ్లచక్రాన్ని ఒక్కో పన్నుగా ఆపి వదిలే కో-యాక్సియల్ ఏర్పాటును రూపొందించినవాడు జార్జ్ డేనియల్స్ అనే ఆంగ్లేయ గడియారాల నిపుణుడు. ఒమేగా దానిని 1999లో తన వాచీలలోకి తెచ్చింది. పాత పద్ధతిలో పళ్లచక్రం పంటికీ దాన్ని ఆపి వదిలే రాయికీ మధ్య జారుడు రాపిడి ఎక్కువ, కాబట్టి అక్కడి నూనె ఎండితే నడక చెడుతుంది. కొత్త పద్ధతిలో ఆ జారుడు బాగా తగ్గింది. వాచీ నడకను నియంత్రిస్తూ అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రాన్ని ఆడించే సన్నని స్ప్రింగును సిలికాన్‌తో చేశారు. ఈ వాచీలు స్విస్ ప్రభుత్వపు కొలతల సంస్థ మెటాస్ పరీక్షలో నెగ్గి, రోజుకు సున్నా నుంచి ఐదు సెకన్ల వరకు ముందుకు నడవవచ్చు కానీ వెనక్కి పోకూడదు అన్న కట్టుబాటులో ఉంటాయి. పాత కాన్‌స్టలేషన్ కూడా పుట్టినప్పుడు పరీక్ష నెగ్గినదే. అయితే అరవై ఏళ్ల వాడకం తర్వాత మంచి సర్వీసు చేయించి రోజుకు పది పదిహేను సెకన్ల లోపు తేడాతో నడిస్తే సంతోషించవలసిందే.

కాగితం మీద సెకన్ల లెక్క కంటే రోజువారీ వాడకంలో ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బంది అయస్కాంతం. ఫోను వెనుక అతికే చార్జరు, ట్యాబ్లెట్ మూత, ల్యాప్‌టాప్ స్పీకరు, హ్యాండ్‌బ్యాగు గుండీ, వీటన్నింటిలోనూ అయస్కాంతం ఉంది. ఆనాడు కాన్‌స్టలేషన్‌ను గీసిన ఇంజనీరు ఇన్ని అయస్కాంతాలున్న బల్లను ఊహించి ఉండడు. లోహపు స్ప్రింగు అయస్కాంతం పట్టుకుంటే చుట్లు ఒకదానికొకటి అతుక్కొని వాచీ ఒక్కసారిగా రోజుకు నిమిషాల లెక్కన ముందుకు పరుగెడుతుంది. దీనికి మందు చాలా చవక, అయస్కాంతత్వాన్ని తీసేసే డీమాగ్నెటైజర్ అనే పరికరం మీద పెట్టి తీస్తే క్షణాల్లో సర్దుకుంటుంది. ఆ సంగతి తెలియనివారే యంత్రం పాడైందని భయపడి పూర్తి సర్వీసుకు డబ్బు పోస్తారు. ఆక్వా టెరా 15,000 గాస్ (అయస్కాంత బలానికి కొలత) అయస్కాంత క్షేత్రాన్ని తట్టుకుంటుంది కనుక ఆ యజమానికి ఈ గొడవే ఉండదు.

నీటి విషయంలో తేడా ఇంకా పెద్దది. కొత్తది 150 మీటర్ల లోతు ఒత్తిడికి పరీక్షించబడినది, దానితో ఈత కొట్టవచ్చు. పాతదాని వెనుకమూత మీద నీటిని ఆపుతుందని రాసి ఉన్నా ఆ మాట ఆనాటిది. రబ్బరు వాషర్లు గట్టిపడిపోతాయి, కీ బొడిపె గొట్టం అరిగిపోతుంది, ప్లాస్టిక్ తరహా యాక్రిలిక్ అద్దం అంచు దగ్గర సన్నగా పగులుతుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరపు ఊళ్లలో వాన లేకపోయినా గాలిలోని తేమా, చేతి చెమటా చాలు. డయల్ మీద మొదట చిన్న చుక్కలుగా, తర్వాత మచ్చలుగా కనిపించేది ఆ తేమే. తీరంలో ఉంటూ రోజూ ఒకే వాచీ పెట్టుకునే అలవాటున్నవారికి పాత వాచీని నేను సిఫారసు చేయను. పెట్టుకుంటామని పట్టుబట్టేవారు ఎండాకాలంలో తోలుపట్టీ మానేసి, ఇంటికి రాగానే పొడిగుడ్డతో తుడిచే అలవాటైనా చేసుకోవాలి.

పాతదానిలో అసలు కొంటున్నది డయల్

పాత వాచీలో యంత్రం చెడితే బాగుచేయించవచ్చు, అద్దం పగిలితే మార్చవచ్చు, పట్టీ సంగతి చెప్పనక్కరలేదు. డయల్ మాత్రం ఒకసారి చెడితే చెడినట్టే, ధరలో పెద్ద వాటా దానిదే. కాన్‌స్టలేషన్‌లో అందరూ కోరుకునే డయల్ మధ్యలో చదునుగా ఉండి, అంచుల దగ్గర పన్నెండు పలకలుగా కిందికి వాలుతుంది. పై అనే పాశ్చాత్య వంటకం చేసే పళ్లాన్ని బోర్లించినట్టు ఉంటుంది కనుక సేకర్తలు దీన్ని పై-పాన్ డయల్ అంటారు. ఆరు అంకె పైన చిన్న నక్షత్రం, అతికించిన ఒమేగా గుర్తు, అడుగున అతి సన్నని అక్షరాలతో స్విస్ తయారీ ముద్ర ఉంటాయి. వెనుకమూత మీద గుమ్మటమున్న నక్షత్రశాల, దాని పైన ఎనిమిది నక్షత్రాలు చెక్కిన పతకం ఉంటుంది.

మన దేశంలో అమ్మకానికి వచ్చే పాత వాచీలలో డయల్ మళ్లీ రంగు వేసినవి చాలా ఎక్కువ. విదేశీ సేకర్తలు వీటికి ముంబై స్పెషల్ అని ఒక పేరే పెట్టారు. హెచ్‌ఎంటీ, ఫావ్రే లూబా, వెస్ట్ ఎండ్, సీకో, ఒమేగా, దేన్నీ వదలకుండా మండే ఎరుపులోనో, నెమలిపింఛం రంగులోనో తళతళలాడించి అమ్ముతారు. న్యాయంగా చెప్పాలంటే దీని మూలం మోసం కాదు. మచ్చలు పడిన డయల్‌తో వాచీ తెచ్చినవారు కొత్తదానిలా చేసి ఇమ్మని అడిగేవారు, మెకానిక్ అడిగినట్టే చేసి ఇచ్చేవాడు. అయితే పాత గుడి శిల్పాల మీద సున్నం కొట్టినట్టే, ఆ పని ఎంత శుభ్రంగా చేసినా కింద ఉన్నది కనుమరుగైపోతుంది. మచ్చలున్న అసలు డయల్‌కే ఎక్కువ విలువ అన్న ఎరుక మనకు ఆలస్యంగా వచ్చింది.

పట్టుకోవడం ఎలాగంటే, మెకానిక్ కంటికి బిగించుకునే భూతద్దంతో అక్షరాల అంచులు చూడాలి. ఫ్యాక్టరీ ముద్రలో అక్షరాలు పదునుగా, ఒకే మందంతో, ఒకే ఎడంతో ఉంటాయి. మళ్లీ వేసినదానిలో అక్షరం ఉబ్బినట్టుంటుంది, నిమిషాల గీతలు అతికించిన గుర్తులకు సరిగా ఎదురుగా రావు, అడుగున ఉండవలసిన స్విస్ ముద్ర లేకపోవడమో పక్కకు జరగడమో జరుగుతుంది. అరవై ఏళ్ల వాచీలో కేసు, అంటే యంత్రాన్ని కప్పే లోహపు ఒళ్లు, గీతలతో నిండి ఉండి డయల్ ఒక్కటే నిన్న వేసినట్టు మెరుస్తుంటే అనుమానించడానికి అదొక్కటే చాలు. అసలు ఒమేగా యాక్రిలిక్ అద్దం నట్టనడుమ కంటికి కనీకనిపించనంత చిన్న ఒమేగా గుర్తు ఉంటుంది. అది లేకపోతే అద్దం మార్చారని అర్థం. ఇది పెద్ద లోపం కాదు గానీ బేరానికి పనికివస్తుంది.

చీకట్లో మెరిసే పూత ఉన్న వాచీలైతే మరో జాగ్రత్త అవసరం. 1960ల తొలినాళ్ల వరకు చాలా కంపెనీలు రేడియం వాడాయి, ఆ తర్వాత ట్రిటియం వచ్చింది. ట్రిటియం ఉన్న డయల్ అడుగున స్విస్ ముద్రకు అటూ ఇటూ టి అక్షరం కనిపిస్తుంది. దాని శక్తి సుమారు పన్నెండేళ్లకు సగమవుతుంది కాబట్టి ఇప్పటికి మెరుపు దాదాపు పోయి ఉండాలి. టి ముద్ర ఉన్న డయల్ ఇవాళ దీపం చూపించగానే పచ్చగా వెలిగి గంటల తరబడి వెలుగుతూ ఉంటే పూత కొత్తగా వేసినదని తెలుస్తుంది. రేడియం సంగతి వేరు. మెరుపు చచ్చినా దాని రేడియోధార్మికత పదహారు వందల ఏళ్లకు గాని సగానికి తగ్గదు. మూత బిగించి ఉన్న వాచీని అప్పుడప్పుడు పెట్టుకోవడం కంటే, రాలిన పూత పొడిని పీల్చడం పెద్ద ప్రమాదం. అలాంటి వాచీని ఇంట్లో విప్పవద్దు, ముల్లు మీది పూతను గీకి చూడవద్దు, మెకానిక్‌కు ఇచ్చేటప్పుడు రేడియం ఉందని ముందే చెప్పండి.

కేసు విషయానికొస్తే, పట్టీ బిగించే కొమ్ముల అంచులు చేతికి పదునుగా తగలాలి. పాలిష్ ఎక్కువసార్లు పడితే ఆ పదును పోయి సబ్బుబిళ్ల అంచుల్లా గుండ్రబడతాయి, వెనుకమూత మీది నక్షత్రశాల చెరిగిపోతుంది. పోయిన లోహం తిరిగి రాదు. బంగారు రంగు వాచీలలో కొన్ని అచ్చమైన 18 క్యారట్లవి, కొన్ని స్టీలు మీద బంగారు తొడుగు వేసినవి. తొడుగు రకంలో కొమ్ముల మూలల దగ్గర తెల్లని స్టీలు తొంగిచూస్తోందేమో చూడాలి. యంత్రం మీద చెక్కిన సీరియల్ నంబరును బట్టి తయారైన కాలం సుమారుగా తెలుస్తుంది. రెండు కోట్ల చుట్టుపక్కల ఉన్న నంబరు దాదాపు 1963 నాటిది. కేసు లోపలి నమూనా నంబరుకూ, యంత్రానికీ, డయల్‌కూ కాలం కుదరకపోతే అది రెండు మూడు వాచీల ముక్కలతో కట్టినది కావచ్చు.

ఈ ముక్కల వాచీల బెడద కొత్తగా కొనేవారికి మాత్రమే అనుకోవడానికి వీల్లేదు. 2021 నవంబరులో జెనీవాలో ఫిలిప్స్ అనే సంస్థ జరిపిన వేలంలో 1957 నాటి తొలి తరం ఒమేగా స్పీడ్‌మాస్టర్ ఒకటి 31 లక్షల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికింది. దాన్ని తన మ్యూజియం కోసం కొన్నది ఒమేగాయే. అది వేర్వేరు వాచీల విడిభాగాలతో కూర్చినదనీ, ఈ వ్యవహారంలో తమ మాజీ ఉద్యోగుల పాత్ర ఉందనీ 2023లో ఆ కంపెనీయే ప్రకటించింది. తయారు చేసిన కంపెనీనే బోల్తా కొట్టించగలిగిన చోట, ఫోనులో వచ్చిన నాలుగు ఫొటోలు చూసి డబ్బు పంపేవారి పరిస్థితి వేరే చెప్పాలా?

మెకానిక్, విడిభాగాలు, సర్వీసు

మంచి మెకానిక్‌ను గుర్తించడానికి నాలుగు ప్రశ్నలు చాలు. వాచీ నడకను కొలిచే టైమ్‌గ్రాఫర్ అనే పరికరం ఉందా, దాని అంకెలు చూపిస్తారా, మార్చిన పాత భాగాలు తిరిగి ఇస్తారా, పాలిష్ చేయవద్దంటే ఊరుకుంటారా? నాలుగో ప్రశ్నకు నవ్వి తల అడ్డంగా ఊపేవారి దగ్గర వాచీ వదిలి రావద్దు. పూర్తిగా కీ ఇచ్చిన పాత వాచీని డయల్ పైకి ఉంచి టైమ్‌గ్రాఫర్‌లో చూసినప్పుడు బ్యాలెన్స్ చక్రం ఊపు 250 డిగ్రీలకు పైన ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు, 200కు దిగువన ఉంటే ఇటీవలే సర్వీసు అయిందని అమ్మేవాడు చెప్పిన మాట నమ్మదగినది కానట్టు. కొనే ముందే ఈ రీడింగు అడిగి తీసుకోవాలి, అది ఇవ్వనివారి వాచీకి సర్వీసు ఖర్చు కూడా కలుపుకొని ధర కట్టాలి.

విడిభాగాల విషయంలో స్విస్ కంపెనీల తీరు మెకానిక్‌లకు అనుకూలంగా లేదు. ఒమేగా యజమాని అయిన స్వాచ్ గ్రూప్ స్వతంత్ర మెకానిక్‌లకు అసలు భాగాలు అందే దారులను బాగా కుదించింది. అందువల్ల 561 వంటి పాత యంత్రానికి భాగాలు ఎక్కువగా పాత నిల్వల నుంచో, చచ్చిన మరో వాచీ నుంచో రావాలి. కంపెనీకే పంపితే పని బాగా జరుగుతుంది గానీ ఖర్చు పెద్దది, పైగా ఏ సూచనా ఇవ్వకపోతే కేసు పాలిష్ చేసి, ముళ్లు మార్చి పంపే అవకాశం ఉంది. డయల్, ముళ్లు మార్చవద్దనీ, కేసు ముట్టవద్దనీ రసీదు మీదే రాయించుకోండి. ఆక్వా టెరాకు ఇలాంటి చింత లేదు, ఐదు నుంచి ఎనిమిదేళ్లకొకసారి కంపెనీ సర్వీసు సెంటరుకు ఇస్తే సరిపోతుంది. ఆ సర్వీసు చవక కాదన్నది వేరే సంగతి.

డబ్బు లెక్క

ఆక్వా టెరా ధర మన షోరూములలో ఐదు లక్షల రూపాయలు దాటుతుంది. మంచి స్థితిలోని స్టీలు కాన్‌స్టలేషన్ సాధారణంగా దానిలో మూడో వంతుకో, అంతకంటే తక్కువకో దొరుకుతుంది. దీనికి మొదటి సర్వీసు, వాషర్లు, పట్టీ కలిపినా పాతదే చవక. తిరిగి అమ్మినప్పుడు కూడా, సరైన ధరకు కొన్న పాతది దాదాపు కొన్న ధరకు పోతుంది, కొత్త ఒమేగా షోరూము గడప దాటగానే కొంత విలువ పోగొట్టుకుంటుంది. దీన్ని చూసి వాచీని పెట్టుబడిగా తలచేవారిని మాత్రం హెచ్చరించక తప్పదు. హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ పెట్టుకున్న రోలెక్స్ డేటోనా వాచీ 2017లో కోటీ డెబ్బై ఏడు లక్షల డాలర్లకు పైగా పలికిందంటే అది ఆ చేతి ధర. 2022 మొదట్లో శిఖరానికి చేరిన వాడిన వాచీల ధరలు ఆ తర్వాత ఎలా జారాయో చూసినవారు ఆ భ్రమలో ఉండరు.

ఏది కొన్నా బిల్లు ఉండాలి. రెండు లక్షలు, ఆపైన మొత్తాన్ని నగదుగా తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. పది లక్షలకు పైబడిన చేతివాచీల మీద 2025 ఏప్రిల్ 22 నుంచి అమ్మేవారు ఒక శాతం టీసీఎస్ (అమ్మకం వేళే వసూలు చేసే ఆదాయపు పన్ను) వసూలు చేస్తున్నారు, దాన్ని ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుకోవచ్చు. స్విట్జర్లాండ్ సభ్యురాలైన ఐరోపా వాణిజ్య కూటమి ఎఫ్టా దేశాలతో 2024లో కుదిరిన వాణిజ్య ఒప్పందం ప్రకారం స్విస్ వాచీల మీద దిగుమతి సుంకం దశలవారీగా తగ్గుతుంది, అయినా ఆ తగ్గింపు కోసం ఏళ్ల తరబడి ఆగడం నాకు సబబుగా తోచదు. అమెరికాలోనో, దుబాయిలోనో ఉన్న బంధువులతో తెప్పించుకునేవారు కస్టమ్స్ పరిమితిని ముందే తెలుసుకోవాలి. వాడిన వాచీ అయినంత మాత్రాన సుంకం తప్పదు. ఇక్కడ కొన్న ఖరీదైన వాచీ పెట్టుకొని విదేశానికి వెళ్లేవారు బయలుదేరే విమానాశ్రయంలో కస్టమ్స్ వారి నుంచి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకుంటే తిరిగి వచ్చేటప్పుడు వాదన ఉండదు.

ఎవరికి ఏది

ఒకే ఒక్క మంచి వాచీ కొనుక్కొని రోజూ పెట్టుకోవాలనుకునేవారు కొత్తదే కొనాలి. బైకు నడిపేవారు, సైట్ల మీద తిరిగేవారు, చంటిబిడ్డకు స్నానం చేయించే చేతులున్నవారు కూడా ఇందులోకే వస్తారు. పెళ్లికొడుక్కి పెట్టే వాచీ కూడా కొత్తదే కావాలి. అల్లుడి చేతిలో పెట్టిన వాచీ నెలలోపే ఆగిపోతే, ఆ మెకానిక్ భారం మామగారి మెడకు చుట్టుకుంటుంది. ఇప్పటికే ఒక నమ్మకమైన వాచీ ఉండి, రెండోదాన్ని వారానికి ఒకటి రెండు రోజులు శ్రద్ధగా పెట్టుకోగలవారికీ, సన్నని మణికట్టు ఉన్నవారికీ కాన్‌స్టలేషన్ నిజంగా అందంగా అమరుతుంది. దాని కేసు 34, 35 మిల్లీమీటర్లే, చొక్కా కఫ్ కింద ఇట్టే ఒదుగుతుంది. 41 మిల్లీమీటర్ల కొత్తది సన్నని చేతికి పళ్లెంలా కనిపిస్తుంది, వారు 38ని చేతికి పెట్టుకొని చూడాలి.

పాత రూపు మాత్రమే నచ్చి, పాత వాచీ బాధలు వద్దనుకునేవారికి మూడో దారి ఉంది. ట్యూడర్ కంపెనీ 2018లో తెచ్చిన బ్లాక్ బే ఫిఫ్టీ-ఎయిట్ వంటివి 1950ల చివరి రూపాన్ని 39 మిల్లీమీటర్ల కేసులో, కొత్త యంత్రంతో ఇస్తాయి. ఇంకో దారి మధ్యకాలపు వాచీలు. 1993లో మొదలైన సీమాస్టర్ 300 మీటర్ల డైవర్‌లోని 1120 యంత్రం ఈటీఏ అనే స్విస్ యంత్రాల కంపెనీవారి 2892 ఆధారంగా చేసినది, అది ఎరగని మెకానిక్ ఉండడు. నీలమణి అద్దం, సరసమైన ధర, మార్చుకోదగిన భాగాలు అన్నీ కలిసి వచ్చే ఈ తరాన్ని మనవాళ్లు ఎందుకో పెద్దగా పట్టించుకోరు. నన్ను అడిగితే, రెండింటి మధ్య ఎటూ తేల్చుకోలేనివారికి నేను మొదట చూపించేది ఇదే.

తాతగారిదో నాన్నగారిదో ఒమేగా ఇంట్లో బీరువాలో ఉంటే మాత్రం ఈ పోలికంతా పక్కన పెట్టి, ముందు దానిని బయటికి తీయండి. ఏళ్ల తరబడి ఆగిపోయి ఉన్న వాచీకి నూనె ఎండి ఉంటుంది, ఆ స్థితిలో నడిపితే చక్రాల ఇరుసులు అరిగిపోతాయి. కాబట్టి కీ ఇవ్వకుండానే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి, డయల్ ముట్టవద్దని చెప్పి, విప్పి చూసి ఖర్చు ఎంతవుతుందో రాసి ఇమ్మని అడగండి.